కంపౌండరు గారి పాలిష్

అరకు నుంచి కొండదారిన పనసగూడ వెళ్ళేవాళ్ళకి, చర్చి దాటగానే ఎడమ పక్క ఒక పెంకుటిల్లు కనిపిస్తుంది. పగలు చూస్తే అందులో ఏమీ లేదు. రెండు గదులు, ముందు ఒక అరుగు, వెనక నాలుగు కాఫీ చెట్లు. కానీ పొద్దు వాలాక ఆ ఇంటి ముందు నుంచి నడిచే మనిషి ఎవరైనా సరే, నోరు గట్టిగా మూసుకుని మరీ నడుస్తాడు.

చలికి కాదు… కంపౌండరుకి భయపడి.

ఒకప్పుడు అది మిషను డిస్పెన్సరీ కంపౌండరు గారి క్వార్టరు. ఆయన బతికున్న రోజుల్లో జ్వరం వచ్చినా, కడుపు నొచ్చినా, చివరికి కాలు బెణికినా ఒకటే ఎర్ర మిక్చరు పోసేవాడట. డిస్పెన్సరీ మూతపడ్డాక పార్వతీపురంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. అక్కడే ఓ రాత్రి నిద్రలో, హాయిగా పోయాడు. దెయ్యం అవదలుచుకుంటే పార్వతీపురంలోనే అవ్వచ్చు కదా? అబ్బే… చచ్చాక బస్సెక్కి మళ్ళీ ఇక్కడికే వచ్చేశాడని పనసగూడ నమ్మకం.

చీకటి పడ్డాక ఆ ఇంట్లో ఎవరో కల్వంలో మందు నూరుతున్న చప్పుడు వస్తుందంటారు. గర్… గర్… గర్… ఆ చప్పుడు ఆగిందా, మీ వెనకే ఎవరో నిలబడ్డట్టు. చెవి దగ్గర ఒక గుసగుస—

"నోరు తెరువు…"

తెరిచారా, మిక్చరే.

ఆ క్వార్టరు పక్కింటి సోములమ్మ మరిది ఒకసారి అలాగే తెరిచాడట. మూడు రోజులు నాలుక ఎర్రగా ఉందట. "కిళ్ళీ నమిలుంటాడే" అని ఎవరైనా అంటే, సోములమ్మ ఆ మనిషితో వారం రోజులు మాట్లాడదు.

అలాంటి ఇంటి తాళం చెవి తనకి ఇమ్మని క్యాథరిన్ అడిగింది.

క్యాథరిన్ ఇల్లు ఆ క్వార్టరు వెనకే. మధ్యలో ఒక్క వెదురు కంచె. ఆమె పని పాత సామాను బాగుచేసి రంగులు వెయ్యడం. మొదట తన కుట్టుమిషను బల్ల గీకి, పసుపురంగు వేసి, ఫొటో తీసి ఫోన్లో పెట్టింది. రెండు రోజుల్లో దాన్ని ఎవరో కొనుక్కుపోయారు. ఆ తర్వాత స్టూళ్ళు, టీపాయిలు, చంటిపిల్లల తొట్టి. పని పెరిగింది కానీ ఇల్లు పెరగలేదు. గీకిన పొడి అంతా వచ్చి అత్తగారు ఆనందమ్మ కాఫీలో పడేది. రంగు వాసనకి భర్త ఎడ్విన్‌కి తలనొప్పి వచ్చేది. ఎడ్విన్ టూరిస్టులకి జీపు తోలుతాడు. చలికాలం వస్తే లంబసింగి ట్రిప్పులతో వారంలో నాలుగు రోజులు ఇంట్లోనే ఉండడు.

"ఖాళీగా పడి ఉన్న ఇల్లే కదా" అని క్యాథరిన్ చర్చి సెక్రటరీ రవిబాబు గారిని అడిగింది. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. "తీసుకోమ్మా. దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు. ఊడ్చి శుభ్రంగా ఉంచితే అంతే చాలు" అన్నాడు. అని, తాళం చెవి మాత్రం తను వెళ్ళి తెరవకుండా ఆమె చేతికే ఇచ్చాడు.

ఆనందమ్మని అడిగితే, "బాగుందమ్మా" అంది.

ఆనందమ్మ ఎప్పుడూ అదే అంటుంది. పదకొండేళ్ళ కాపురంలో అత్త నోట క్యాథరిన్ విన్నది ఆ ఒక్క ముక్కే. కూర వండితే బాగుందమ్మా. చీర కట్టుకుంటే బాగుందమ్మా. చెయ్యి జారి దాకలోని కూరంతా నేలపాలైనా, ఒక్క క్షణం చూసి, "నేల బాగా మెరిసిందమ్మా" అంది. ఊళ్ళో కోడళ్ళందరికీ క్యాథరిన్ని చూస్తే కుళ్ళు.

ఆ డిసెంబరులో ఆమెకి మొట్టమొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. వైజాగ్ నుంచి వచ్చి కొండ మీద కొత్తగా హోమ్‌స్టే కడుతున్న జయశ్రీ అనే ఆవిడ, పార్వతీపురంలో మూతపడిన ఒక పాత లాడ్జి సామాను కొంది. చేతులున్న కుర్చీలు ఆరు, ఒక టీపాయి, మనిషి నిలబడేంత పెద్ద బీరువా. ఎన్ని పొరల రంగు కింద నలిగిపోయాయో అవి! గీకి చూస్తే లోపల టేకు.

"అన్నీ ఒకటే నీలం కావాలి" అంది జయశ్రీ. "సముద్రం నీలం. కొండల మధ్య కూర్చుంటే సముద్రం గుర్తుకు రావాలి. శుక్రవారం వ్యాను పంపిస్తాను. శనివారం మా ఓపెనింగు."

ఇది సరిగ్గా చేస్తే కొండ మీద ఉన్న హోమ్‌స్టేలన్నీ తననే పిలుస్తాయి. చెడగొడితే మళ్ళీ స్టూళ్ళే. ఆ సంగతి క్యాథరిన్‌కి బాగా తెలుసు.

ఆదివారం సాయంత్రానికి ఆరు కుర్చీలకీ నీలం కోటు పడింది. డిసెంబరు మంచులో రంగు ఆరడం అంటే మాటలు కాదు. నిన్న వేసింది ఇవాళ కూడా వేలికి అంటుతుంది. అందుకని కిటికీలు మూసి, తలుపుకి తాళం వేసి, చెవి తెచ్చి వంటింట్లో మేకుకి తగిలించి పడుకుంది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి తాళం తీసింది…

అయిదు కుర్చీలు నీలంగా ఉన్నాయి.

ఆరోదానికి రంగు లేదు!

ప్రైమరుతో సహా ఎవరో గీకేశారు. చెక్క తేనెరంగులో, నారలు నారలుగా, కిటికీ సందులోంచి పడ్డ ఎండకి మెరుస్తోంది. దగ్గరికి వెళ్తే ఏదో నూనె వాసన. ఆ వాసన ఎక్కడిదో గుర్తుకు వచ్చినట్టే వచ్చి రాలేదు.

తాళం వేసినట్టే ఉంది. వెనక తలుపు గడియ వేసినట్టే ఉంది.

క్యాథరిన్ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. అయినా చెయ్యి ఆగలేదు. కుర్చీ చేతి మీద అరచెయ్యి పెట్టి నిమిరింది. ఇంత నున్నన తన చేతికి ఎప్పుడూ రాలేదు. భయం ఎంత వేసిందో, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

పక్కింటి కంచె అవతల నుంచి సోములమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఓలమ్మ క్యాతరీ… రాత్రి ఇన్నావేటి? నూరుతున్నాడు! మళ్ళీ మొదలెట్టీసినాడు!"

"ఏటి నూరుతున్నాడు?"

"మందే! గర్ గర్ మని… నాను సెవులారా ఇన్నాను. నీ కాడ ఇదేటీ వాసన? మందు వాసన కాదేటి ఇది? ముహూర్తాలు సెప్పే దిసారిని పిలిపించు బేగి. ఏ గడియలో రంగు ముట్టుకోవాలో, ఏ గడియలో ముట్టుకోకూడదో ఆయన సెప్తాడు."

రవిబాబు గారు కూడా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, మెడ ఒక్కటే లోపలికి పెట్టి చూశాడు. "మంచు తగిలితే రంగు రాలుతుంది. ఇది సైన్సు" అని, అంతకంటే మెడ లోపలికి పెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆనందమ్మ ఆ కుర్చీని చాలాసేపు చూసింది. "ఇది కూడా బాగుందమ్మా" అంది మెల్లగా.

"బాగుంటే ఏం లాభం అత్తా? ఆవిడకి నీలం కావాలి" అని క్యాథరిన్ దాని మీద మళ్ళీ బ్రష్షు ఆడించింది. ఎందుకో గాని, నీలం ఆ తేనెరంగుని కప్పేస్తుంటే రెండుసార్లు బ్రష్షు ఆపి చూసింది.

మంగళవారం పొద్దున్న రెండు కుర్చీలకి రంగు లేదు. కొత్తగా ఒకటి… నిన్న మళ్ళీ వేసింది ఇంకొకటి.

ఆ సాయంత్రం జయశ్రీ ఫోన్ చేసింది. "అంతా అయిపోయిందా? శుక్రవారమే వ్యాను. మరిచిపోకండి." క్యాథరిన్ "అయిపోవచ్చిందండీ" అంది. ఫోన్ పెట్టేశాక అరుగు మీద కూలబడి ఏడ్చింది. రాత్రి ప్రార్థనలో ఆనందమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఆ కంపౌండరు గారికి శాంతి దయచెయ్యి. నా కోడలి మీద కనికరించు…" అని గొంతెత్తింది. మధ్యలోనే కునుకు తీసింది. ఈ మధ్య ఆవిడకి పగలు కూడా కునుకుపాట్లే.

బుధవారం క్యాథరిన్ ఒక నిర్ణయానికి వచ్చింది. కంపౌండరైనా సరే, వాడి తాత అయినా సరే… పట్టుకోవాలి.

పొద్దు వాలే వేళకి బీరువా తలుపులకి లోపలా బయటా నీలం వేసింది. ఎడ్విన్ లంబసింగి ట్రిప్పుకి వెళ్ళాడు. రాత్రి ఆనందమ్మ పళ్ళసెట్టు తీసి గ్లాసు నీళ్ళలో వేసుకుని, నిండా ముసుగు పెట్టి పడుకున్నాక, క్యాథరిన్ తన మంచం మీద రెండు తలగడలు మనిషిలా పేర్చి దుప్పటి కప్పింది. క్వార్టరు ముందు తలుపుకి ఎప్పట్లాగే తాళం వేసింది. చెవి ఎప్పట్లాగే మేకుకి తగిలించింది. తను మాత్రం వెనక తలుపులోంచి దూరి, లోపల గడియ పెట్టుకుని, బీరువాలో కూర్చుంది. ఒక చేతిలో టార్చి. ఇంకో చేతిలో చపాతీ కర్ర.

బీరువా తలుపు వేలెడంత సందు ఉంచింది.

గంట గడిచింది. పెంకుల మీంచి మంచు బొట్టు బొట్టుగా రాలుతోంది. టప్… టప్… దూరంగా ఒక కుక్క మొరిగింది. ఉన్నట్టుండి ఆపేసింది.

ముందు తలుపు తాళం… టక్ మంది.

తలుపు కిర్రుమంది.

భయంలో క్యాథరిన్ బీరువా తలుపుని లోపలికి లాగేసుకుంది. పచ్చి రంగు అంచుకి అంచు తగిలి, జిగురులా అతుక్కుంది. వేలెడంత సందు కూడా పోయింది. కటిక చీకటి.

అడుగుల చప్పుడు. ఒక కాలు ఈడుస్తున్నట్టు… చరక్… చరక్… ఏదో కింద పెట్టారు. గాజు చప్పుడు. సీసా!

మిక్చరు సీసా…

అంతలో గొంతు తగ్గించి, గాలి వెళ్ళిపోతున్నట్టు ఒక గుసగుస—

"నోరు తెరువు…"

క్యాథరిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"తెరవ్వా? నోరు తెరువు అంటుంటే…"

రెండు చేతులూ నోటి మీద ఉంటే చపాతీ కర్ర ఎవరు పట్టుకుంటారు? అది జారి బీరువా అడుగున పడింది. ఢాం!

బయట గుసగుస ఆగిపోయింది.

ఇక లోపల ఉండలేక క్యాథరిన్ తలుపుని తోసింది. రాలేదు. భుజం పెట్టి తోసింది. బీరువా మొత్తం ఊగింది కానీ తలుపు రాలేదు. ఢబ్! ఢబ్! ఢబ్!

బయట నుంచి కేక వినపడింది.

"ఓలి నాయనో! బీరువాలో ఉన్నాడు!"

క్యాథరిన్ తొయ్యడం ఆపింది. దెయ్యం… తనకి భయపడుతోంది!

"సైతానా, ఎనక్కి పో! యేసు నామంలో ఎనక్కి పో!" అంది ఆ గొంతు. పళ్ళు లేని గొంతు, ప్రతి మాటా ఈల వేస్తోంది. బీరువా ఎక్కడికీ పోకపోయేసరికి ఆ గొంతు మెత్తబడింది. "కంపౌండరు గారూ… తప్పయిపోనాది. మీ ఇల్లని తెలిసే వచ్చాను. ఏటి సేసినా సెయ్యండి గానీ మిక్చరు మాత్రం పొయ్యకండి బాబూ… నాకు సుగరు."

సుగరు!

రోజూ పొద్దున్న ఆ సుగరు మాత్ర అరచేతిలో పెట్టేది తనే.

"అత్తా…?"

బయట సీసా దొర్లిన చప్పుడు. తర్వాత—

"ఓలమ్మో! నా కోడలి గొంతు కూడా నేర్సీసుకున్నాడు!"

"నేనే అత్తా! క్యాథరిన్ని! తలుపు అంటుకుపోయింది, రావట్లేదు."

"నా కోడలు ఇంట్లో పడుకుంది. నాను కళ్ళారా సూసి మరీ వచ్చాను. నన్ను మోసం సెయ్యకు." కాస్త ఆగింది. "సరే. నువ్వు నా కోడలివే అయితే సెప్పు. నా కోడలు పెట్టే సేపల పులుసు ఎలాగుంటాది?"

"బాగుంటుంది. మీరే కదా ఎప్పుడూ అంటారు…"

"అదిగో! దెయ్యానివే! అది నోట్లో పెట్టుకున్న మనిషెవడూ ఆ మాట అనడు. పదకొండేళ్ళ నుంచి అందులో ఉప్పెక్కువ!"

బీరువాలో ఉన్న మనిషికి ఆ మాట చురుక్కున తగిలింది. "ఎక్కువైతే చెప్పాలి కదా!"

"ఎలాగ సెప్తాను బాబూ?" అంది ఆనందమ్మ. ఇప్పుడు ఆవిడ గొంతులో భయం పోయి బాధ వచ్చింది. బీరువా ముందు కూలబడినట్టుంది, గొంతు కిందనుంచి వస్తోంది. "మీకు తెలవనిదేటి కంపౌండరు గారూ… మా అత్త ఎలాంటి మనిషో. అన్నం మెత్తనైతే ఒక మాట, పలుకైతే ఒక మాట. ఆవిడ నోటికి జడిసి మీ డిస్పెన్సరీ బల్ల కింద దాక్కునేదాన్ని కాదా? లేని కడుపునొప్పికి మీ మిక్చరు తాగేదాన్ని కాదా? అందుకే నా కొడుకు పెళ్ళినాడే దేవుడి ముందు మాట ఇచ్చీసినాను. నా కోడల్ని ఒక్క మాట అననని. అన్నానా? ఏనాడైనా అన్నానా?"

బయట ముక్కు చీదిన చప్పుడు.

"పులుసు తినీసినాను. పసుపు బల్ల సూసీసినాను. కానీ ఈ నీలం… టేకు మీద నీలం కంపౌండరు గారూ! మా నాన్న మిషను వర్కుషాపులో వడ్రంగి. నాకు ఏడేళ్ళప్పుడే గుడ్డముక్క ఇచ్చి కూకోబెట్టేవాడు. వలిసె నూనె పొయ్యి, రుద్దు, మళ్ళీ రుద్దు… సెక్క లోపల ఉన్న బొమ్మ పైకొచ్చేదాకా రుద్దమనేవాడు. సెప్తే ఆ గుంట బాధపడతాది. సెప్పకపోతే నాకు నిద్దర పట్టదు. అందుకే అది పడుకున్నాక వచ్చి… ఒక్క కుర్చీ అనుకున్నాను. ఒకటి సేసీసరికి రెండోది పిలిసినట్టుంటాది. ఇయ్యాల ఈ నూనె సీసా మూత కూడా నోరు తెరవడం లేదు, సూడండి నా ఖర్మ…"

చీకట్లో కూర్చున్న క్యాథరిన్‌కి మొదట ఒళ్ళు మండింది. మూడు రోజుల కష్టం! ఆ వెనకే పులుసు గుర్తుకు వచ్చింది. పదకొండేళ్ళ పులుసు… వారానికి ఒకసారి వేసుకున్నా ఎన్ని పులుసులు తిందో ఈ మనిషి, నోరు మెదపకుండా! ఆ తర్వాత ఆ కుర్చీ చెయ్యి గుర్తుకు వచ్చింది. అరచేతి కింద దాని నునుపు.

చివరికి ఆమె నోట వచ్చింది ఒకటే ప్రశ్న.

"అత్తా… వలిసె నూనె ఆరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

దెయ్యాలు గొంతులు మార్చగలవు, పేర్లు చెప్పగలవు. కానీ పనసగూడలో ఇలాంటి ప్రశ్న వేసే ప్రాణి ఒక్కతే ఉంది.

"పలచగా రాస్తే… ఎండలో రెండు పూటలు" అంది ఆనందమ్మ నెమ్మదిగా. ఆ వెంటనే, "ఓలమ్మ… క్యాతరీ… నువ్వేనేటి? మొత్తం ఇన్నావేటి?"

"విన్నాను. ముందీ తలుపు తియ్యండి."

రంగు గీకే రేకు అంచుల్లో పెట్టి ఆనందమ్మ కిందా మీదా పడి తిప్పింది. ఫట్ మని తలుపు ఊడి వచ్చింది. క్యాథరిన్ బయటికి పడుతూ టార్చి వేసింది. తోసి తోసి ఆమె ముఖం, జుట్టు, భుజాలు అన్నీ నీలం. ఎదురుగా తెల్ల దుప్పటి, బోసి నోరు, చేతిలో రేకు.

తెలిసిన మనుషులే. అయినా ఇద్దరూ ఒకేసారి అరిచిన అరుపుకి, కంచె అవతల సోములమ్మ మంచం మీంచి పడింది.

ఆ రాత్రి ఇద్దరూ ఇంటికి వెళ్ళలేదు. టర్పెంటైనుతో కోడలి ముఖం అత్త తుడిచింది. సీసా మూత కోడలు తీసింది. జయశ్రీకి నీలం కావాలి, చెక్కనేమో కప్పడానికి మనసొప్పదు. తెల్లారేదాకా వాదించుకున్నారు. అవును, వాదించుకున్నారు, పదకొండేళ్ళలో మొదటిసారి. "కాళ్ళకి నీలం వేసుకో. మనిషి కూకునేచోట, సెయ్యి పెట్టేచోట సెక్కని సెక్కలా ఉంచు" అంది ఆనందమ్మ. "బీరువా చట్రం నీలం, తలుపు పలకలు టేకు" అంది క్యాథరిన్. పొద్దెక్కి ఎండ రాగానే కుర్చీలన్నీ అరుగు మీదికి చేర్చారు. గురువారం అంతా ఒకరు గీకారు, ఒకరు రుద్దారు.

"ఒక్కటి మాత్రం ఎవరికీ సెప్పకు" అని బతిమాలింది ఆనందమ్మ. "కోడలి కష్టాన్ని రాత్రిపూట పాడుసేసిన అత్త అని ఊరంతా అంటాది. మా అత్త పైనుంచి సూసి నవ్వుతాది."

శుక్రవారం వ్యానుతోపాటు జయశ్రీ కూడా వచ్చింది. కుర్చీల చుట్టూ ఒకసారి తిరిగింది. క్యాథరిన్ చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నేను చెప్పింది ఇది కాదు" అంది జయశ్రీ.

"కాదండీ. అంటే…"

జయశ్రీ ఒక కుర్చీలో కూర్చుంది. చేతుల మీద అరచేతులు ఆన్చింది. కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ లేవదు. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాక కళ్ళు తెరిచి, "ఈ చెక్క పని ఎవరు చేశారు?" అంది.

వెనక నుంచి ఆనందమ్మ కోడలి కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది.

ఆ నొప్పిలో క్యాథరిన్ నోటికి వచ్చింది అనేసింది. "ఈ ఇంటి కంపౌండరు గారండీ. చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. రాత్రిళ్ళు వచ్చి చేస్తాడు."

జయశ్రీ కళ్ళు ఇంతింత చేసుకుంది. "దెయ్యం పాలిష్ చేసిన కుర్చీలా! అయ్యో, ఇది గెస్టులకి చెప్పకుండా ఎలా ఉంటాను?" అని అన్నీ వ్యానులో ఎక్కించుకుంది. ఇంకో పన్నెండు కుర్చీలు పంపిస్తానంది. కంచె అవతల బట్టలు ఆరేస్తున్న సోములమ్మ అంతా విన్నది. సోములమ్మ విన్నదంటే ఇక ఆ మాటకి జీపు అక్కర్లేదు.

మూడు రోజులు గడిచాయి.

సోమవారం రాత్రి అత్తాకోడళ్ళు క్వార్టరులో తమ ఇంటి టీపాయి రుద్దుకుంటున్నారు. కరెంటు లేదు. చిన్న లాంతరు. బయట మసక వెన్నెల్లో దట్టంగా మంచు. ఆనందమ్మ పళ్ళసెట్టు ఇంట్లో గ్లాసులోనే ఉంది.

అరుగు మీద అడుగుల చప్పుడు…

ఇద్దరూ గుడ్డలు ఆపేశారు.

ఒక మనిషి కాదు. ఇద్దరు… ముగ్గురు… ఎక్కడా ఒక్క మాట లేదు. నోళ్ళన్నీ మూసుకుని నడుస్తున్నట్టు. ధబ్… ఏదో బరువుది దింపారు. చరచర ఈడ్చారు. మళ్ళీ ధబ్.

ఆనందమ్మ లాంతరు ఊదేసింది. కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది.

క్యాథరిన్ కిటికీ సందులో కన్ను పెట్టింది. మంచులో తెల్లగా, పొడుగ్గా ఒక ఆకారం వస్తోంది. తల మీద నాలుగు కొమ్ములు! అరుగు దాకా వచ్చింది. వంగింది. కొమ్ములు తల మీంచి తీసి కింద పెట్టింది. రెండు చేతులు జోడించి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగు లంకించుకుంది.

క్యాథరిన్ అరుగు మీదికి చూపు సారించింది.

కొమ్ములు కావు. తిరగేసిన స్టూలు. దాని పక్కన సోములమ్మ నులక మంచం. ఆ పక్కన ఒక పాత ఉయ్యాల తొట్టి, రెండు పీటలు, కాలు విరిగిన బెంచీ. అరుగు నిండిపోయి మెట్ల మీదకి కూడా వచ్చాయి. ఊరు ఊరంతా తెచ్చి పెట్టేసింది… కంపౌండరు గారి కోసం!

"అత్తా, ఊళ్ళోవాళ్ళు…" అని ఆమె అనబోతుంటే, ఇంకో అడుగుల చప్పుడు. నెమ్మదిగా, దగ్గుతూ. పడక్కుర్చీ ఒకటి అరుగు మీద తెరుచుకున్న చప్పుడు. ఆ మనిషి పారిపోలేదు. తలుపు దగ్గరికి వచ్చాడు. వంగి, తాళం కన్నంలో నోరు పెట్టాడు.

"కంపౌండరు గారూ… నేను రవిబాబుని. చూడండి, నేను మిమ్మల్ని నమ్మను. అది వేరే విషయం." గొంతు సర్దుకున్నాడు. "ఈ పడక్కుర్చీ చేతులు కొంచెం గరుగ్గా ఉన్నాయి. ఆదివారం మా వియ్యంకులు వస్తున్నారు. ఆ లోపల అవుతుందేమోనని…"

చీకట్లో క్యాథరిన్ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆనందమ్మ మాత్రం నవ్వలేదు. వడ్రంగి కూతురు, పని మాట వచ్చేసరికి మనిషే మారిపోయింది. తాళం కన్నం దగ్గరికి వంగి, పళ్ళు లేని ఆ ఈల గొంతుతో అంది—

"ఆదివారానికి అవదు. ఆ తరవాత మంగళవారం రా."

"అలాగేనండీ" అన్నాడు రవిబాబు.

అన్నాకే పరిగెత్తాడు.